పాపికొండల నడుమ నొక దినము

మా బచ్చన్నపేట యేటియొడ్డున వెలసిన యూరు కాదు. మాది చెరువునీళ్ళ సీమ. వాన కురిసిన యేడు చెరువు నిండును. కురియని యేడు ఆ చెరువులోనే మేకలు మేయును. నీటికొఱకు తెల్లవాఱుజామున లేచి కడవలతో క్యూ కట్టిన దినములు మా యత్తగారి తరమువారికి నిన్నటివలె జ్ఞాపకమున్నవి. అట్టి యూర కాపురముండు మాకు నది యనునది గ్రంథములలో చదువుకొన్న పేరే గాని చూచి యెఱిగిన వస్తువు కాదు. బాల్యమున మా నాయనగారు ఇంటియొద్దనే రామాయణ భాగవతములు చెప్పుచు, పంచవటి ఘట్టము వచ్చినపుడెల్ల గోదావరిని వర్ణించెడివారు. పోతనగారి బమ్మెర మా జిల్లాలోనిదే యని గర్వపడు మేము, ఆ మహానదిపై నొక్కదినమైన పడవలో తేలవలెనని అప్పటినుండియు కోరుచుంటిమి. ఆ కోరిక గత మాఘమాసమున నెఱవేఱినది. సోదరీమణులకు ఆ ముచ్చట విన్నవింపదలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ ప్రయాణమునకు మూలము మావారు చదివిన యొక వ్యాసము. పాశ్చాత్యదేశములలో రైను నదిపైనను, పోర్చుగలు దేశమున దౌరో నదిపైనను నౌకావిహారము చేయువారు నడుమ నొకచోట దిగి, తీరపు కొండచరియలందలి ద్రాక్షతోటలను చూచి, అచట రసము పిండు విధమును, పీపాలలో నిలువయుంచు విధమును తెలిసికొని, రుచి చూచి మరలుదురట. మావారు దీనిని చదివి వినిపింపగా మా యత్తగారు, "ఇంత దూరము పడవెక్కి పోయి చూచేది కల్లు దుకాణమా?" అని నవ్విరి. మావారు విడువక, "మనకు మాత్రము లేదా? గోదావరి మీద పాపికొండలున్నవి, ఆ కొండలలో జీలుగుచెట్లున్నవి" అనిరి. మా యత్తగారికి జీలుగు అనగా వరిమళ్ళలో పచ్చిరొట్టకై చల్లెడు జీలుగయే తెలియును. "జీలుగలో కల్లెక్కడిది?" అని ఆమె ఆశ్చర్యపడిరి. ఆ సందేహమే మా ప్రయాణమునకు ముహూర్తమైనది.

అయినను పడవప్రయాణ మనగానే ఇంటిల్లిపాది గుండెలు కొంత జంకినవి. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నపు మండలమందలి కచ్చులూరు కడ వరదగోదావరిలో విహారపు పడవ మునిగి ఎందఱో ప్రాణములు గోల్పోయిరి. వారిలో మా ఓరుగల్లు చెంతనున్న కడిపికొండ వాసులును గలరు. ఆ పడవను నది యడుగునుండి ధర్మాడి సత్యముగారి బృందము అక్టోబరు 22న వెలికి తీసినదాక, ఆ అయిదు వారములును మా ప్రాంతపు ఇండ్లలో వేఱు మాట లేదు. కావున, వరదకాలమున పోరాదనియు, మాఘమున నీరు తేటపడి నెమ్మదించిన పిదపనే పోవలెననియు, ప్రాణరక్షకపు కోటు తొడుగనిదే పడవలో నెవ్వరును కూర్చుండరాదనియు మా యత్తగారు కట్టడి చేసిరి. మేమును సంతోషముతో నొడబడితిమి.

మాతోడ మా పొరుగింటి గౌండ్ల వదినెయు బయలుదేఱినది. ఈమె సంగతి ముందు చెప్పవలెను. మా సీమలో తాటివనములు మెండు. పొద్దుతాడు, పరుపుతాడు, పండుతాడు అని కాలమునుబట్టి కల్లునకు పేర్లు. సర్వాయి పాపన్న పుట్టినిల్లుగా చెప్పుకొను ఖిలాషాపురము మాకు దవ్వు కాదు. పదునెనిమిదవ శతాబ్ది తొలినాళ్ళలో కోటలు పట్టి మొగలు పాలకులను నిద్రపోనీయని ఆ వీరుని పేరు మా యూరి గౌండ్లవారి నోట నేటికిని మ్రోగుచుండును. అట్టి కులవృత్తిలోనే వదినె పెనిమిటి పదునాలుగేండ్ల క్రిందట తాటిచెట్టుపైనుండి జాఱిపడి మరణించెను. నాటినుండి ఆమె కల్లు నోట పెట్టలేదు, కొడుకును చెట్టెక్కనీయలేదు. అతడిపుడు జనగామలో కరెంటుపని చేసికొనుచున్నాడు. మోకును, ముస్తాదును మాత్రము ఆమె ఇంటి దూలమునకు వ్రేలాడగట్టి యుంచినది. తీయుమన్నను తీయదు.

జనగామలో రైలెక్కి, కాజీపేట, డోర్నకలుల మీదుగా కొత్తగూడెములోని భద్రాచలము రోడ్డు స్టేషనులో దిగి, అచటినుండి బస్సున భద్రాచలము చేరితిమి. స్వామి దర్శనము చేసికొని, స్నానఘట్టమున నీటిమట్టము గుర్తులు చూచితిమి. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నీరు వచ్చినదని మావారు పిల్లలకు చెప్పుచుండగా, వదినె ఆ గుర్తువంకను, తన కాళ్ళకడ నున్న సన్నని నీటివంకను మార్చి మార్చి చూచి, "ఇదే నీళ్ళా అంత పైకొచ్చింది?" అని నోరు తెఱచినది. మఱునాటి ఉదయమున మోటారుబండిలో కూనవరము మీదుగా సాగితిమి. కూనవరముకడ శబరి వచ్చి గోదావరిలో కలియును. రామకథలోని శబరి పేరు ధరించిన యేఱు రామపాదము లెఱిగిన నదిలో లీనమగుట చూచి, మా యత్తగారు బండి నాపించి చేతులు మోడ్చిరి. పదిగంటల వేళకు పోచవరపు రేవు చేరితిమి.

పడవ రెండంతస్తులది. క్రింద బల్లలు, పైన పందిరి. కోటు తొడుగుటలో మా యత్తగారు చీరకుచ్చెళ్ళు చిక్కుపడి విసిగికొనిరిగాని విడువలేదు. పడవ కదలిన కొంతసేపటికి భయము తనంత తానే జాఱిపోయెను. నది యిచట మైదానములందువలె వెడల్పుగా పఱచుకొని యుండదు. త్రయంబకమున పుట్టి, 1465 కిలోమీటర్లు నడచు ఈ తల్లి, ఇక్కడ మాత్రము తూర్పుకనుమలను చీల్చుకొని పోవలసివచ్చి, మిక్కిలి సన్నబడి, మిక్కిలి లోతై, మౌనముగా సాగును. ఇరువంకల నిలువుకొండలు, కొండలపై వెదురుపొదలు, నీళ్ళలో కొండల నీడలు. ఒక మలుపు తిరుగగా త్రోవ మూసికొనిపోయినట్లుండును. పడవ పోయి కొండను కొట్టుకొనునేమో యని తోచునంతలో ప్రక్కనొక సందు తెఱచుకొనును. మా చిన్నవాడు ప్రతి మలుపునను "అయిపోయింది, నది అయిపోయింది!" అని కేకలు వేయుచుండెను.

పాపికొండలను పేరు పాపిటకొండలనుటనుండి వచ్చినదని ఇచటివారు చెప్పుదురు. నల్లని కేశముల నడుమ తీర్చిన పాపిటవలె నది కొండలను రెండుగా పాయదీసినదట. ఈ వ్యుత్పత్తి నిజమగునో కాదో పండితులు తేల్తురుగాక. ప్రతిదినము అద్దముముందు పాపిట తీసికొను మనకు మాత్రము ఇంతకంటె తగిన పేరు తోపదు. ఈ యడవి 2008లో జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. విస్తీర్ణము వేయి చదరపు కిలోమీటర్లకు మించును. కచ్చులూరు మా పడవ పోవునంత దూరమునకు దిగువనున్నది. పడవవాడు ఆ దిక్కు చేయి చూపగా, పైయంతస్తున మాటలాడుచున్న వారందఱు నొక్కసారి మిన్నకుండిరి. మా యత్తగారు తెచ్చికొన్న పసుపుకుంకుమలు నీటిలో విడిచిరి.

మధ్యాహ్నమునకు ముందు పేరంటాలపల్లి చేరితిమి. రేవునుండి మెట్లెక్కి పోగా చెట్లనీడలో శివాలయము, మునివాటము కలవు. బాలానందస్వామివారు ఇచట ఆశ్రమము నెలకొల్పి కొండరెడ్ల నడుమ వసించిరి. ప్రక్కనే కొండవాగు రాళ్ళపై దొరలుచు పోవును. ఆ నీరు త్రాగిన పిదప మా యూరి శుద్ధిచేసిన సీసానీరు నోటికి చప్పనైనది. త్రోవకిరువైపుల కొండరెడ్డి స్త్రీలు వెదురుబద్దను సన్నముగా చీరి, పూరేకులవలె విచ్చదీసి, రంగులద్ది, పూలు చేసి అమ్ముచుందురు. మేము నాలుగు పూలు బేరము చేయుచు జీలుగుచెట్టు మాట యడిగితిమి. ఆ పూలమ్మునామె మమ్ము ఎగాదిగా చూచి, "తాగే వాళ్ళా, చూసే వాళ్ళా?" అని ప్రశ్నించినది. "చూసేటోళ్ళమే" అని వదినె బదులు పలికినది. పడవ నిలుచు గంటన్నరలో పోయి రావచ్చునని చెప్పి, పూలబుట్టను తోడివారికప్పగించి ఆమె ముందు నడచినది.

కొండవాలున నడచి చెమటలు పట్టినవేళ జీలుగుచెట్టు కనబడినది. తాటిచెట్టువలె కఱకుగా గాక, నునుపుగా, బూడిదవన్నె కంబమువలె నిలిచి, తలపై పెద్ద మట్టలు చాచియున్నది. ఆకు కొసలు కత్తిరించిన చేపతోకవలె నుండును. మట్టల సందున పూగెలలు విప్పిన జడలవలె క్రిందికి వ్రేలాడుచున్నవి. కోస్తాజిల్లాలలో పెండ్లిపందిళ్ళకు కట్టు గెలలివియే యని మావారు చెప్పగా, మా యత్తగారు, "అయితే మంగళప్రదమైన చెట్టే" అని మొదటిసారి మెచ్చుకొనిరి.

ఈ చెట్టు ధర్మము విచిత్రము. తాడియు, ఈతయు ఏటేట పూచును. జీలుగు ఎన్నియో యేండ్లు పూయక, పుష్పింపక, బలము కూడబెట్టుకొనును. యుక్తవయసు వచ్చిన పిదప తలపైన మొదటి గెల వేయును. ఆ పిమ్మట గెలలు ఒకదాని తరువాత నొకటి పైనుండి క్రిందికి దిగుచు వచ్చును. అడుగుగెల పండినదా, చెట్టు చచ్చును. దాచుకొన్నదంతయు ఇచ్చివేసి పోవును. గీతగాడు లేత గెలను కట్టి, దినదినము కొస చెక్కి, కుండ తగిలించును. మంచి చెట్టు దినమునకు కుండలకొలది రసమిచ్చును. తెల్లవాఱగనే దింపిన రసము తీయని పానకము. పొద్దెక్కినకొలది పులిసి నురగెత్తి మత్తెక్కును. కుండలోపల సున్నము పూసినచో పులియదు. దానిని కాచి బెల్లము చేయవచ్చును. తాటినీరా విషయమున నిట్టి పరిశోధనలే రంపచోడవరము చెంత పందిరిమామిడి ఉద్యానపరిశోధనస్థానమున జరుగుచున్నవి. హైదరాబాదులో హుసేనుసాగరపు గట్టున 2023లో నీరా అమ్ము శాల తెఱచిరి. ఇంతేకాదు. తిండిగింజలు లేని దినములలో కొండవారు జీలుగు బోదెను చీల్చి, లోని మెత్తని భాగమును దంచి, పిండితీసి, జావయు రొట్టెలును చేసికొందురు. అనగా నీ చెట్టు వారికి పానకపు కుండయు, ధాన్యపు గాదెయు నన్నమాట.

చెట్టునకు వెదురుబొంగు నొకటి నిలువున కట్టియున్నది. దాని కొమ్మల మొదళ్ళు కొంచెము కొంచెము విడిచి నఱకియుంచిరి, అవియే మెట్లు. ఆమె కొడుకు, ఇరువదేండ్లవాడు, మాకు చూపుటకై ఎక్కబోయెను. అంతవఱకు దూరముగా నిలిచియున్న వదినె చివాలున ముందునకు వచ్చి, బొంగును రెండుచేతుల పట్టి ఊపిచూచి, "నడుమ కట్టు వదులైంది తమ్మీ. బిగించి ఎక్కు" అనినది. కుఱ్ఱవాడు నవ్వెను. వదినె నవ్వలేదు, బొంగు విడువలేదు. ఆమె మొగము చూచి వాని నవ్వు తానే ఆగిపోయెను. తీగ తెచ్చి కట్టు బిగించి, పిమ్మట ఎక్కెను. వాడు పైకి పోయి మరల నేలపై కాలూనువఱకు వదినె తలయెత్తి చూచుచునే యుండెను. వాని తల్లి చూచినది వదినెను.

"మీ ఇంట్లోనూ ఎక్కేవాళ్ళున్నారా?" అని ఆమె మెల్లగా నడిగినది.

"ఉండె" అని మాత్రము వదినె చెప్పినది. ఆమెకు మఱి వివరింపవలసిన పని లేకపోయినది.

సొరకాయబుఱ్ఱలోని రసమును ఆమె ఆకుదొప్పలలో పోసినది. సున్నపుకుండలోని తీపిరసమే యని మావారు రూఢిచేసికొనిన పిదప మేమును రుచి చూచితిమి. వ్రాయుటకు సంకోచమైనను అసత్య మాడరాదు కదా. లేతకొబ్బరినీళ్ళలో తేనె కలిపినట్లు, నడుమ పొగవాసన తగిలినట్లున్నది. మా యత్తగారు ముట్టలేదు. వదినె దొప్పను చేతబట్టి చాలసేపు ఊరకుండి, రెండు చుక్కలు నేలపై విడిచి, కన్నులు మూసికొని త్రాగినది. పదునాలుగేండ్ల వ్రతము అట్లు ముగిసినది. మేమెవ్వరమును ఏమియు ననలేదు.

పిమ్మట ఆ యిద్దఱును చెట్టుమొదట కూర్చుండి, చిరకాలపు చుట్టములవలె మాటలలో పడిరి. పోలవరపు ఆనకట్ట నిండినపుడు ఈ తీరపు పల్లెలు మునుగును. జలాశయపు పూర్తిమట్టము 150 అడుగులు. దీనికొఱకే 2014లో ఈ మండలములను ఖమ్మము జిల్లానుండి విడదీసి ఆంధ్రప్రదేశమున చేర్చిరి. 2021 జూన్‌నుండి నదిని ఆనకట్ట గేట్ల మార్గమున మళ్ళించిరి. వేలకొలది కుటుంబములు నెలవులు మాఱవలసియున్నవి. ఆ మాట వచ్చినపుడు కొండరెడ్డియామె అనినది: "ఇల్లు కట్టి ఇస్తారు. పొలం చూపిస్తారు. పోతాం. ఈ చెట్టును ఎట్లా మోసుకుపోయేది? నేను కాపరానికొచ్చినప్పుడు ఇది నా నడుమంతుంది. ఈ ఏడే గెల దింపింది."

వదినె చాలసేపు చెట్టువంక చూచి, "మా దిక్కు చెట్లున్నయి చెల్లె, ఎక్కేటోళ్ళే తక్కువైన్రు. నా కొడుకును నేనే ఎక్కనియ్యలె" అనినది. ఒకచోట చెట్టున్నది, ఎక్కువాడు లేడు. ఒకచోట ఎక్కువాడున్నాడు, చెట్టు నిలువదు. ఆ మాట విన్నపుడు మా మనస్సున కలిగిన భావమును చెప్పుటకు మాకు చేతకాకున్నది.

త్రోవలో మావారు ఒక పాతకథ చెప్పిరి. ఈ గోదావరి కావలి రంపకొండలలో 1879లో గొప్ప పితూరీ లేచినది. ఇంటివాడకమునకైనను స్వేచ్ఛగా కల్లు గీసికొనరాదనియు, ఆ హక్కు గుత్తేదారులదేననియు ప్రభుత్వము కట్టడిచేయుటయు, ముఠాదారులపైని మన్సబుదారు చిగురుపన్నును విధించుటయు దానికి ముఖ్యకారణములలో చేరినవి. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య మొదలైనవారు నాయకులు. అల్లూరి సీతారామరాజు 1922లో అదే మన్యమున తిరుగుబాటు నడుపుటకు నలుబదేండ్లకు పైగా ముందటి మాట యిది. పట్టణవాసులకు కల్లు వ్యసనము, కొండవారికది కూడు. పన్ను వేయువారికి ఆ భేదము తెలియకపోయినది.

మద్యమువలన సంసారములు కూలుట మేమెఱుగనిది కాదు. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణమును మూయించి, రాష్ట్రమంతట నిప్పు రగిల్చిరి. 1993లో సారా నిషేధింపబడినది. ఆ తల్లులకు నమస్కారము. అయినను ఆనాడు కొండపై దొప్ప పట్టుకొన్నపుడు, సారాసీసాయు, చెట్టు కుండయు నొకటి కావని మాకు తెలిసినది. ద్రాక్షతోటకు పోయిన పాశ్చాత్య యాత్రికుడు యజమాని పేరును, రసపు వయస్సును కాగితముపై వ్రాసికొని వచ్చునట. ఈ తోటకు ప్రాకారము లేదు, ఫలకము లేదు. నాటినవారెవరని యడుగగా, "ఎవరూ నాటలేదు, అడవి పెట్టింది" అని ఆమె సమాధానము.

మరలివచ్చునపుడు ఎండ పసుపువన్నెకు దిగి, కొండనీడలు నదిని సగము కప్పినవి. మా యత్తగారు బహుసేపు మాటలాడక, "మన చెరువుల్లోకి వచ్చేదీ గోదారే కదా?" అని మావారినడిగిరి. ఔను. దేవాదుల ఎత్తిపోతలవలన మా జనగామ సీమ చెరువులకు గోదావరిజలము వచ్చుచున్నది. అది ఇంకను ఎగువన తీసినది. ఈ ఆనకట్టది కాదు. అయినను ఆమె, "నీళ్ళొచ్చిననాడు చెరువుగట్టు మీద కొబ్బరికాయ కొట్టిన. నీళ్ళ కోసం ఎవళ్ళో ఎక్కడో ఊరిడుస్తరని తెల్వదు" అనిరి. నీరు లేని బాధ తెలిసినవారికే నీట మునుగు బాధ ఇంత త్వరగా తెలియునేమో. ఆనకట్టలు వలదనుటకు మేము రాజనీతి నెఱిగినవారము కాము. డెల్టాలో పండు ధాన్యమును మనమును తినుచున్నాము. ఐనను అన్నము ముందు కూర్చుండినపుడు ఆ చెట్టుమొదలు మఱువరాదని మాత్రము మాకు తోచినది.

చూడగోరు సోదరీమణులకు రెండు మాటలు. కార్తికమునుండి ఫాల్గుణము వఱకు తగిన కాలము. వరదదినములలో ఎవరెంత పిలిచినను పోరాదు. కోటు ఉక్కగా నున్నదని విప్పరాదు. వెదురుపూలు బేరమాడక కొనుడు. ఒక్క పూవు చీరుటకెంతసేపు పట్టునో నిలిచి చూచితిరేని బేరమాడ నోరు రాదు.

రేవున వీడ్కొనునపుడు ఆ కొండరెడ్డియామె వదినె చేతిలో నొక ఆకుపొట్లము పెట్టి, "గుజ్జు తగిలితే దురద. కడిగి ఎండబెట్టాను" అని చెప్పినది. విప్పిచూడగా జీలుగు గింజలు. వదినె రైలులో రాత్రియంతయు ఆ పొట్లమును కొంగున ముడివేసికొనియే యుండెను.

ఇంటికి వచ్చిన మఱునాడే, పెరటిలో, నూతినీరు పాఱు కాలువప్రక్కన ఆ గింజలు పాతినది. "ఇది గెల వేసేసరికి పది పదిహేనేండ్లు పడుతుంది వదినె, అప్పటికి ఎక్కువారెవరు?" అని మేము హాస్యమాడితిమి. వదినె నీళ్ళచెంబు దింపి, "ఎక్కకున్న మాయె. చెట్టుంటే చాలు" అనినది. మా ఎఱ్ఱనేలలో అది మొలచునో మొలవదో ఇంకను తెలియరాలేదు. ప్రతి ఉదయమును ఇరువురమును పోయి చూచుచున్నాము.